1858 ‘పెన్సిల్వేనియా’ స్టీమరు పేలుడు: హెన్రీ క్లెమెన్స్ మరణంపై కొన్ని సందేహాలు

నదీతీరం (ప్రశ్న)

నమస్తే. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ తమ్ముడు హెన్రీ క్లెమెన్స్ మీద ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. 1858 జూన్ 13 తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో మిసిసిపీ నది మీద, మెంఫిస్‌కు సుమారు 60 మైళ్లు దిగువన షిప్ ఐలండ్ దగ్గర ‘పెన్సిల్వేనియా’ స్టీమరు బాయిలర్లు పేలాయి. హెన్రీ జూన్ 21న మెంఫిస్‌లో పోయాడు. ఇంతవరకు అందరూ ఒకే మాట చెబుతున్నారు. ఆ తర్వాతే ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు.

క్షేమంగా నీళ్లలో పడ్డ హెన్రీ మిగతావాళ్లను కాపాడటానికి మళ్లీ పడవవైపు ఈదాడని కొన్నిచోట్ల ఉంది. నిద్రలోనే ఎగిరి వేడి బాయిలర్ల మీద పడ్డాడని ఇంకోచోట ఉంది. కాలిన గాయాలతో పోయాడని ఒకరు, కోలుకుంటుండగా మార్ఫిన్ ఎక్కువై పోయాడని మరొకరు. ఇంకొక సందేహం కూడా ఉంది. బాయిలర్ల తనిఖీకి 1852లోనే గట్టి చట్టం వచ్చిందంటారు. మరి ఆరేళ్ల తర్వాత ఇంత ఘోరం ఎలా జరిగింది? బాయిలర్ల సంగతి తెలిసినవారు వివరంగా చెబితే మేలు.

పాతకాగితాలు

నదీతీరం గారూ, ముందు ఆధారాలను తేదీల వారీగా పేర్చుకోండి. చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. ట్వేన్ (అప్పటికి శామ్యూల్ క్లెమెన్స్, వయసు 22) ఈ సంగతి మూడుసార్లు చెప్పాడు. మొదటిది 1858 జూన్ 18న తమ్ముడి మంచం పక్కనుంచి వదినగారు మోలీకి రాసిన ఉత్తరం. రెండోది 1883లో అచ్చయిన మిసిసిపీ జ్ఞాపకాలు. మూడోది 1906లో ఆత్మకథ కోసం చెప్పి రాయించినది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 48 ఏళ్లు.

ఉత్తరంలో ఈదుకుంటూ వెనక్కి వెళ్లడం లేదు. హెన్రీ నిద్రలో ఉన్నాడు, పైకి ఎగిరి వేడి బాయిలర్ల మీద పడ్డాడు, శిథిలాలు మీద పడి లోపలి గాయాలు కూడా అయి ఉంటాయి, తర్వాత నీళ్లలో దిగి ఒడ్డుకు ఈది, మిగతా బాధితులున్న బల్లకట్టులోకి చేరాడు. అక్కడ ఒంటిమీద తడి చొక్కా తప్ప ఏమీ లేకుండా, ఒకపక్క ఎండకు మాడుతూ ఒకపక్క గాలికి వణుకుతూ ‘కేట్ ఫ్రిస్బీ’ అనే స్టీమరు వచ్చేదాకా పడి ఉన్నాడు. పేలిన 15 గంటలకు గానీ గాయాలకు కట్టు పడలేదు. ఇదీ ఉత్తరం చెప్పేది. వెనక్కి ఈదిన ఘట్టం మొదటిసారి కనిపించేది 1883 పుస్తకంలో. తమ్ముడి మీద ప్రేమతో పెరిగిన మాట అని నా నమ్మకం. వ్యాసంలో దాన్ని ‘ట్వేన్ తర్వాత రాసినది’ అని విడిగా చెప్పండి, జరిగిన సంగతుల వరసలో కలపకండి.

హెన్రీ ఆ పడవలో ఎవరు అన్నది కూడా సరిగా రాయాలి. అతను ‘మడ్ క్లర్క్’. గుమాస్తాల్లో అందరికన్నా కిందివాడు. జీతం లేదు, తిండీ పడకా మాత్రమే. రేవు కట్టని ఒడ్డుల్లో పడవ ఆగినప్పుడు బురదలోకి దిగి, ఎక్కే సరుకు, దిగే సరుకు బస్తాలు పెట్టెలు లెక్కపెట్టి రసీదులతో సరిచూడటం పని. కొన్నాళ్లు ఇలా చేస్తే మూడో గుమాస్తా, ఆపైన రెండో గుమాస్తా. ఈ పని చూపించింది అన్నే. అదే పడవ మీద తాను పైలట్ పని నేర్చుకుంటూ తమ్ముణ్ణి తెచ్చుకున్నాడు.

ఆ ప్రయాణంలో అన్న పడవ మీద ఎందుకు లేడంటే: కెప్టెన్ క్లైన్‌ఫెల్టర్ పంపిన ఆదేశాన్ని హెన్రీ పైలట్ బ్రౌన్‌కు చెప్పాడు. వినలేదని బ్రౌన్ బుకాయించి, కుర్రాణ్ణి కొట్టాడు. శామ్యూల్ చుక్కాని వదిలేసి బ్రౌన్‌ను చితకబాదాడు. కెప్టెన్ కుర్రాళ్ల పక్షమే ఉన్నా, న్యూ ఆర్లియన్స్‌లో బ్రౌన్ స్థానంలో మరో పైలట్ దొరకలేదు. అందుకని శామ్యూల్ దిగిపోయి, రెండు రోజులు వెనకగా ‘ఎ.టి. లేసీ’ మీద బయల్దేరాడు. బ్రౌన్ పేలుడులో పోయాడు. కాపలాలో ఉన్న ఇంకో పైలట్ జార్జ్ ఈలర్, కెప్టెన్ ఇద్దరూ బతికారు.

పత్రికల జాబితాలను నమ్మేముందు ఒక్క సంగతి చూడండి. ‘లేసీ’ మీద పైకి వస్తూ శామ్యూల్‌కు గ్రీన్‌విల్ దగ్గర పేలుడు వార్త తెలిసింది. అర్కన్సాలోని నెపోలియన్ దగ్గర అందిన మెంఫిస్ పత్రిక ప్రత్యేక సంచికలో హెన్రీకి ఏమీ కాలేదని ఉంది. ఇంకొంత పైకి వచ్చాక దొరికిన మరో సంచికలో బతకడం కష్టమని ఉంది. అంత తారుమారు. డెక్కు మీద చవక టిక్కెట్టుతో ప్రయాణించేవారి పేర్లు నమోదయ్యేవి కావు, ఉన్న చిట్టా పడవతో పాటే కాలిపోయేది. అందుకే ఈ ప్రమాదంలో మృతుల సంఖ్యకు ఒకే అంకె వేయకండి. 150 అన్నది ట్వేన్ గ్రీన్‌విల్ దగ్గర విన్న కేక, చేసిన లెక్క కాదు.

బాయిలర్_గది

బాయిలర్ల సంగతి నేను చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

మిసిసిపీ పడవల బాయిలర్లు సముద్రపు ఓడల వాటిలాంటివి కావు. 36 నుంచి 42 అంగుళాల వ్యాసం, 20 అడుగులు దాటిన పొడవు ఉన్న ఇనుప పీపాలు. ఒక్కొక్కదాని లోపల పొడవునా రెండు పెద్ద ఫ్లూ గొట్టాలు. మంట ముందు పీపా అడుగున వెనక్కి పోయి, ఆ గొట్టాల గుండా ముందుకు తిరిగి పొగగొట్టం ఎక్కుతుంది. ఇలాంటివి నాలుగో ఆరో ఎనిమిదో పక్కపక్కన పేర్చి, పైన ఒక ఆవిరి డ్రమ్ముతో, కింద ఒక బురద డ్రమ్ముతో కలిపేవారు. ‘పెన్సిల్వేనియా’లో ఎనిమిదిట్లో నాలుగు పేలాయని ట్వేన్ రాశాడు. నాలుగూ ఒకేసారి పోవడానికి కారణం ఆ కలపడమే. ఒకటి చీలితే గొట్టాలు తెగి, పక్కదానిలో ఒత్తిడి క్షణంలో పడిపోతుంది, అందులోని నీరూ భగ్గుమని ఆవిరవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 1852 చట్టం ప్రకారం 42 అంగుళాల వ్యాసం, పావు అంగుళం రేకు ఉన్న బాయిలర్‌కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 110 పౌండ్లు. తనిఖీలో చన్నీళ్లతో 165 పౌండ్ల వరకు ఎక్కించి పరీక్షించాలి. ఒత్తిడిని వ్యాసార్ధంతో హెచ్చించి రేకు మందంతో భాగిస్తే (110 × 21 ÷ 0.25) రేకు మీద పడే లాగుడు చదరపు అంగుళానికి 9,240 పౌండ్లు. మంచి సాగగొట్టిన ఇనుము 50,000 దాకా ఆగుతుంది. కానీ ఒంటి వరస రివిట్ల అతుకు బలం రేకు బలంలో సుమారు 56 శాతమే, అంటే 28,000. కొత్త బాయిలర్‌కే మూడింతల భద్రత అన్నమాట. తుప్పు పట్టి పదహారో వంతు అంగుళం అరిగితే అందులో నాలుగో వంతు పోతుంది. చన్నీళ్ల పరీక్ష అరిగిన రేకును కొంతవరకు పట్టిస్తుంది గానీ, ప్రయాణంలో రేకు ఎర్రగా కాలడాన్ని ముందుగా చెప్పలేదు. చట్టం ఉండి కూడా పేలడానికి మొదటి జవాబు ఇదే.

రేకు ఎర్రబడటానికి మూడు దారులు.

ఒకటి, ఒండ్రు. నదిలోని బురద నీరే బాయిలర్‌లోకి పోతుంది. అది అడుగున పేరుకుని గట్టిపడితే నీరు రేకును తాకదు, కింద మంట రేకునే కాలుస్తుంది. దీనికి బురద డ్రమ్ము, తరచూ అడుగు నీరు వదిలెయ్యడం, రేవులో ఆగినప్పుడల్లా లోపలికి దిగి గోకడం. ఈ గోకుడు ఒక్కసారి ఎగ్గొట్టినా ముప్పే.

రెండు, నీటిమట్టం తగ్గడం. ఫ్లూ గొట్టాల మీద నాలుగు అంగుళాల నీరన్నా ఉండాలి. మట్టం తెలుసుకోవడానికి బాయిలర్ ముఖాన ఒకదాని మీద ఒకటి మూడు కుళాయిలు. ఒక్కోటి తిప్పి నీరు వస్తోందా ఆవిరి వస్తోందా చూడాలి. బురద నీరు నురగలెత్తితే మట్టం కిందికి పోయినా మధ్య కుళాయి నీళ్లు చిమ్ముతుంది, ఇంజినీరు నిశ్చింతగా ఉంటాడు. పాత పడవల్లో నీటి పంపును పెద్ద ఇంజినే నడిపేది, పడవ ఆగితే పంపూ ఆగేది. 1840ల నుంచి ‘డాక్టర్’ అనే విడి పంపు వచ్చాక ఆ బాధ తగ్గింది. 1858 నాటి పెద్ద పడవ విషయంలో పంపు ఆగిందన్న కథను తేలిగ్గా నమ్మకండి.

మూడు, ఒరగడం. నా దృష్టిలో అన్నిటికన్నా మోసకారి ఇదే. బాయిలర్లన్నీ కింద కలిసి ఉంటాయి కాబట్టి పడవ ఒరిగితే నీరు పల్లంవైపు పోతుంది. ఎనిమిది బాయిలర్లు, మధ్య నుంచి మధ్యకు నాలుగేసి అడుగులు అనుకుంటే ఈ చివర నుంచి ఆ చివరకు 28 అడుగులు. పడవ రెండు డిగ్రీలు వాలిందా, రెండు చివర్ల మధ్య తేడా సుమారు 12 అంగుళాలు. అంటే ఎత్తువైపు చివరి బాయిలర్‌లో మట్టం ఆరు అంగుళాలు పడుతుంది. పైన ఉండాల్సిన నీరు నాలుగే. గొట్టం పైభాగం బయటపడి కాలుతుంది. తర్వాత పడవ నిటారైతే నీరు తిరిగి వచ్చి కాలిన ఇనుము మీద పడుతుంది.

ఇక ఆ ఉదయం సంగతి. ట్వేన్ రాసిన ప్రకారం పడవ సగం ఆవిరితో మెల్లగా పోతూ, పక్కన కట్టుకున్న బల్లకట్టు నుంచి వంటచెరకు దించుకుంటోంది. ఆగి ఎక్కిస్తే గంటలు పోతాయని నడుస్తూనే దించుకోవడం అప్పటి అలవాటు. కట్టెలు దాదాపు అయిపోగానే ఈలర్ పూర్తి ఆవిరికి గంట కొట్టాడు, మరుక్షణం పేలింది. ఆవిరి ద్వారం ఒక్కసారిగా తెరిస్తే బాయిలర్‌లో ఒత్తిడి కొంచెం తగ్గి నీరు ఉబికి పైకి లేస్తుంది. గొట్టాలు అప్పటికే ఎర్రగా ఉంటే ఆ ఉబుకు నీరు వాటిని తాకుతుంది. ఒకవైపు టన్నులకొద్దీ కట్టెలు పేర్చడం, ఒరగడం, గంట కొట్టగానే పేలడం, మూడూ చక్కగా అతుకుతాయి. కానీ ఇది పోలిక మాత్రమే, రుజువు కాదు. మీరు రాసేటప్పుడు ‘కారణం ఇదే’ అనవద్దని నా మనవి. ఫ్లూ గొట్టాలు బయటి ఒత్తిడికి ఎలా నలుగుతాయో బ్రిటిష్ ఇంజినీరు విలియం ఫెయిర్‌బెర్న్ ప్రయోగాలతో సూత్రం కట్టి ప్రకటించింది కూడా అదే 1858లో. పొడవు పెరిగిన కొద్దీ గొట్టం బలహీనమవుతుందని అంతకుముందు బాయిలర్లు కట్టినవాళ్లు లెక్కలోకే తీసుకోలేదు.

పేలుడు అంత భయంకరంగా ఉండటానికి కారణం పైనున్న ఆవిరి కన్నా కిందనున్న నీరే. 110 పౌండ్ల దగ్గర నీరు సుమారు 173 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది. పీపా చీలగానే అందులో 14 శాతం వెంటనే ఆవిరవుతుంది. ఒక్కో బాయిలర్‌లో మూడు టన్నుల నీరు అనుకుంటే 400 కిలోలకు పైగా ఆవిరి, బయటి గాలి ఒత్తిడి దగ్గర దాని పరిమాణం 700 ఘనపు మీటర్లు. నాలుగు బాయిలర్లకు నాలుగింతలు.

నదీతీరం

చాలా ఉపయోగపడింది, బాయిలర్_గది గారూ. ఒక చిన్న సందేహం. పడవ ముందు మూడో వంతే ఎగిరిందని ఉంది. హెన్రీ పడక సరిగ్గా అక్కడే ఉందా? సేఫ్టీ వాల్వ్‌కు బరువులు వేలాడదీయడం గురించి మీరేమీ అనలేదు?

బాయిలర్_గది

బాయిలర్లు కింది డెక్కు మీద ముందువైపు ఉంటాయి, ఇంజిన్లు వెనక. బాయిలర్ల నెత్తిమీద డెక్కులో ముందువైపు గుమాస్తాల కార్యాలయం, వాళ్ల గదులు. దానిపైన పైలట్ల గది. వెనక చక్రాల అవతలున్న ఆడవాళ్ల గదులే అన్నిటికన్నా భద్రమైనవి. అంటే గుమాస్తా పడుకునే చోటుకూ బాయిలర్లకూ మధ్య ఒక్క చెక్క అంతస్తే అడ్డం. ఎగిరినవాడు తిరిగి వాటిమీదే పడటంలో వింతేమీ లేదు.

బరువుల సంగతి: పోటీల కోసం వాల్వ్ చేతికి అదనపు బరువు తగిలించడం 1830లు, 40లలో మామూలే. అందుకే 1852 చట్టం ఒక వాల్వ్‌ను ఇంజినీరు చేతికి అందకుండా తాళం వేసి ఉంచమంది. 1838 ఏప్రిల్‌లో సిన్సినాటి దగ్గర ‘మొజెల్’ స్టీమరు పేలాక అదే జులైలో మొదటి చట్టం వచ్చింది గానీ, తనిఖీ ఎలా చెయ్యాలో అందులో లేదు. 1852 చట్టం పరీక్ష ఒత్తిడి, ఇంజినీర్లకూ పైలట్లకూ లైసెన్సులు, తొమ్మండుగురు పర్యవేక్షక తనిఖీదారులు, ఇవన్నీ పెట్టింది. ప్రమాదాలు తగ్గాయి, ఆగలేదు. ఇక్కడ పడవ అప్పటికి సగం ఆవిరి మీదే నడుస్తోంది కాబట్టి బరువుల కథ నాకు అంతగా అతకదు.

డ్యూటీరూం

వైద్యం సంగతి నేను చెబుతాను.

ఆవిరి కాల్పు పొడి వేడిగాలి కాల్పు కన్నా ఘోరం. పొడిగాలి వేడి ముక్కు, గొంతు దగ్గరే చాలావరకు చల్లారిపోతుంది. ఆవిరి చల్లబడి నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా అక్కడ వదులుతుంది, ఊపిరితిత్తుల దాకా కాలుస్తుంది. పైకి చర్మం కొంచెమే ఎర్రబడినవాడు మర్నాటికి గొంతు వాచి, ఊపిరాడక పోవచ్చు. ‘నాకేం కాలేదు’ అని తిరిగినవాళ్లు రెండో రోజు పోవడం స్టీమరు ప్రమాదాల్లో ఉన్నదే. కాబట్టి వెనక్కి ఈదే ముందు ఆ మాట హెన్రీ అన్నాడో లేదో గానీ, అనడం అసాధ్యం మాత్రం కాదు.

పెద్ద కాలిన గాయానికి మొదటి 48 గంటలు ప్రాణాంతకం. రక్తంలోని ద్రవం గాయాల గుండా ఊటలా కారిపోతుంది. ఈనాడు మొదటి గంటలోనే నరంలోకి సెలైన్ ఎక్కిస్తాం. వాళ్లు ఆ పగలంతా బల్లకట్టు మీద జూన్ ఎండలో నీడ లేకుండా, మందూ తిండీ లేకుండా ఉన్నారు. 15 గంటల ఆలస్యం అనేదాన్ని మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో దాటెయ్యకండి. చాలామంది ప్రాణం పోయింది అక్కడే అని నా అభిప్రాయం.

మెంఫిస్‌లో ఒక పెద్ద హాలును ఆస్పత్రిగా మార్చారు. నలభై మందికి పైగా రెండు వరసల్లో పడుకోబెట్టి, ముఖాలూ తలలూ దూదితో కప్పేశారని ట్వేన్ రాశాడు. అవిసె నూనె, సున్నపు తేట సమపాళ్లలో చిలికి పూసి పైన దూది వేయడం అప్పటి వైద్యం. మంట తగ్గేది, గాలి తగలకుండా ఉండేది. సూక్ష్మజీవులను మాత్రం ఆపదు. శస్త్రవైద్యుడు లిస్టర్ క్రిమినాశక పద్ధతి ప్రకటించింది 1867లో. అందుకని మొదటి రెండు రోజులు గట్టెక్కినవాళ్లు ఐదు నుంచి పది రోజుల మధ్య చీము, జ్వరం, సంధి మాటలతో పోయేవారు. హెన్రీ పోయింది ఎనిమిదో రోజు. ఆరో రోజు సాయంత్రం మనసు ఎటో పోయి, వేళ్లతో దుప్పటి పీకుతున్నాడని 1883 పుస్తకంలో ఉంది. గాయం విషం రక్తంలోకి పాకినప్పటి లక్షణాలు అచ్చంగా ఇవే.

మార్ఫిన్ కథ 1906 నాటిది. డాక్టర్ పేటన్ గండం గడిచిందన్నాడనీ, కలత నిద్ర అయితే గ్రెయిన్‌లో ఎనిమిదో వంతు మార్ఫిన్ ఇప్పించమన్నాడనీ, రాత్రి కాపలా ఉన్న కుర్ర వైద్యులు కొలిచే సాధనం లేక కత్తి మొన మీద కుప్పగా తీసి ఇచ్చారనీ ట్వేన్ చెప్పాడు. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, ఎనిమిదో వంతు 8 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు అది చిన్న మోతాదు. కత్తి మొన మీద కుప్ప 100 మిల్లీగ్రాములు దాటడం తేలికే. కాలిన ఊపిరితిత్తులున్నవాడికి అంత ఇస్తే శ్వాస మందగించి పోతాడు. కాబట్టి కథ వైద్యపరంగా నమ్మదగ్గదే. అయితే ఆవిరి పీల్చి, లోపలి గాయాలై, కట్టు పడ్డాక కూడా 12 గంటలు చలనం లేకుండా ఉన్నవాడికి గండం గడిచిందని ఏ వైద్యుడైనా నిబ్బరంగా అనగలడా? నాకు అనుమానమే. మార్ఫిన్ ఎక్కువ పడి ఉండవచ్చు. అది లేకపోతే బతికేవాడే అని మాత్రం రాయకండి.

పాతకాగితాలు

డ్యూటీరూం గారి మాటకు ఒకటి కలుపుతాను. మార్ఫిన్ అడిగి ఇప్పించినవాడు అన్నే. పని ఇప్పించింది తానే, పడవ దిగిపోయింది తానే, మందు అడిగింది తానే అని ఆయన జీవితమంతా మోసిన బరువు ఆ 1906 కథనంలో ఉంది. 1858 ఉత్తరంలో తనను అందరూ అదృష్టవంతుడు అంటున్నారని రాసుకుని, అలా అన్నవాళ్లను దేవుడు క్షమించాలని కోరాడు. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే పాఠకులకే అర్థమవుతుంది, మీరు వ్యాఖ్యానించనక్కర్లేదు.

తేదీల్లో సాధారణంగా పడే పొరపాట్లు రెండు. హెన్రీ పుట్టింది 1838 జులై 13న, మిజోరీలోని ఫ్లోరిడా ఊళ్లో. కాబట్టి వయసు 20 అని రాసేవి తప్పు, ఇంకా మూడు వారాలుంది. రెండోది, సమాధి. మొదట హానిబల్‌లోని బాప్టిస్టు శ్మశానంలో పూడ్చారు. 1876లో ట్వేన్ డబ్బిచ్చి తండ్రినీ తమ్ముణ్ణీ అదే ఊళ్లోని మౌంట్ ఆలివెట్‌కు మార్పించాడు. ఫోటో పెడితే రెండో చోటుదే పెట్టండి.

పడవ పత్రాలు కావాలంటే అమెరికా జాతీయ పత్రాగారంలో రికార్డు గ్రూప్ 41 చూడండి. పడవల నమోదు కాగితాలు అందులో ఉంటాయి. ‘పెన్సిల్వేనియా’ పేరుతో వేర్వేరు ఏళ్లలో ఒకటికి మించి పడవలు తిరిగాయి. రేవు పేరు, కట్టిన ఏడు, కెప్టెన్ పేరు మూడూ సరిపోలితేనే ఆ కాగితం వాడండి.